క్రాబిలో సగం రోజు సొంత బోటు: దీవుల్లో ఈత, స్నార్కెలింగ్ ఎలా చేయాలి

థాయ్‌లాండ్‌లోని క్రాబికి టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు అడిగేవి అటూఇటుగా మూడు ప్రశ్నలే. ప్రైవేట్ బోటు తీసుకుంటే డబ్బు దండగా? ఈత రాకపోయినా స్నార్కెలింగ్, అంటే మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ నీళ్లలో చేపల్ని చూడటం, చేయొచ్చా? సముద్రం మధ్యలో ఇసుక దారి తేలుతుందట, అది ఎన్నింటికి కనిపిస్తుంది? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు ఇక్కడే చెప్పేస్తాను. నలుగురైదుగురు ఉంటే దండగ కాదు, ఎందుకంటే రేటు మనిషికి కాదు, బోటుకి. అయితే సొంత బోటు తీసుకుని కూడా గ్రూప్ టూర్ వాళ్లలా నాలుగు చోట్లూ చుట్టేయాలని చూస్తే మాత్రం కచ్చితంగా దండగే. సగం రోజంటే దాదాపు నాలుగు గంటలు. రెండు చోట్ల ఆగండి, మహా అయితే మూడు. మీరు డబ్బు పెట్టి కొనుక్కున్నది తొందర లేకపోవడాన్నే.

ఇక్కడ చెప్పేదంతా థాయ్‌లాండ్ దక్షిణాన ఆవ్ నాంగ్ బీచ్ నుంచి బయలుదేరే ట్రిప్ గురించి. ఎదురుగా కనిపించే పోడా, చికెన్ ఐలాండ్, టుప్ దీవులు, పక్కనే రైలే ద్వీపకల్పం వైపున్న ఫ్రా నాంగ్ బీచ్, ఇవే మన చోట్లు. ఈ దీవులు నేషనల్ పార్క్ పరిధిలోకి వస్తాయి. అందుకే ప్రవేశ రుసుము, కొన్ని నిషేధాలు ఉన్నాయి.

కావలసినవి

- ఒంటికి పట్టినట్టుండే ఫుల్ హ్యాండ్స్ ఈత చొక్కా, లెగ్గింగ్స్ లేదా షార్ట్స్. కాటన్ చుడీదార్, జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కి నిచ్చెన ఎక్కనివ్వవు. చున్నీ అసలే వద్దు.
- నీళ్లలోకి కూడా వేసుకుని దిగగలిగే, వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులు మొదటి అలకే పోతాయి.
- నీళ్లు చొరబడని డ్రై బ్యాగ్ ఒకటి. ఫోన్లు, డబ్బు, మందులు అందులో.
- థాయ్ భాట్‌లలో నగదు. పార్కు రుసుము బోటు డబ్బులో కలిసి ఉండదు, విదేశీయులకు రేటు వేరు.
- మనిషికి కనీసం లీటరు మంచినీళ్లు, మళ్లీ మళ్లీ వాడే సీసాలో. పార్కులోకి ఫోమ్ డబ్బాలు, వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు.
- చిన్న సీసాలో వెనిగర్. ఎందుకో చివర్లో చెబుతాను.
- పడవ పడనివాళ్లకు వాంతుల మాత్ర. డాక్టర్ని అడిగి ఇక్కడినుంచే తీసుకెళ్లండి.
- సొంత మాస్క్ ఉంటే మంచిది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకైతే పవర్ ఉన్న మాస్క్ గానీ కాంటాక్ట్ లెన్సులు గానీ తప్పనిసరి. కళ్లజోడు మీద మాస్క్ కూర్చోదు.

సన్‌స్క్రీన్ గురించి ఒక మాట. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, 4-మిథైల్‌బెంజిలిడీన్ క్యాంఫర్, బ్యూటైల్‌పారాబెన్, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా ఆ క్రీమును థాయ్ సముద్ర నేషనల్ పార్కుల్లో వాడకూడదు. 2021 ఆగస్టు నుంచి నిషేధం ఉంది, జరిమానా లక్ష భాట్ల దాకా వేయొచ్చు. ట్యూబ్ మీద 'రీఫ్ సేఫ్' (పగడాలకు హాని చేయదు) అని ఉంటే చాలదు, వెనక తిప్పి పదార్థాల జాబితా చదవండి. ఎలాగూ స్నార్కెలింగ్‌లో బోర్లా తేలతాం కాబట్టి కాలేది మెడ వెనక భాగం, పిక్కలు. వాటిని బట్టతో కప్పితే క్రీము గొడవే సగం తగ్గుతుంది.

1. ముందు తిథి చూడండి, తర్వాతే బోటు

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులు. ఆ నెలల్లోనూ మంచి రోజులు దొరుకుతాయి గానీ, ట్రిప్ రద్దయినా బాధపడనంత ఖాళీ ప్లానులో ఉంచుకోండి.

సీజన్ కన్నా చాలామంది పట్టించుకోనిది ఆటుపోట్లు. క్రాబి తీరంలో రోజుకు రెండుసార్లు నీరు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. పౌర్ణమి, అమావాస్య నాడు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఈ తేడా రెండు మీటర్లు దాటుతుంది. అష్టమి, నవమి, దశమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. మన క్యాలెండర్ తీస్తే ఇదంతా ఒక్క చూపులో తెలిసిపోతుంది.

దీన్నిబట్టి మీకేం కావాలో తేల్చుకోండి:

- టుప్ దీవి దగ్గర ఇసుక దారి మీద నడవాలి అంటే పౌర్ణమికో అమావాస్యకో దగ్గరగా వెళ్లండి. నీరు పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందే అక్కడ ఉండాలి. ఈ చోటునే టలే వేక్ అంటారు.
- ఇసుక దారి లేకపోయినా ఫర్వాలేదు, చేపలు బాగా కనిపించాలి అంటే అష్టమి చుట్టూ రోజులు మంచివి. నీటి లాగుడు తక్కువ, అడుగున మట్టి తక్కువగా లేస్తుంది.

రెండూ ఒకే రోజు బ్రహ్మాండంగా దొరకడం కష్టం. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నేనైతే రెండోదే ఎంచుకుంటాను. లాగుడు తక్కువున్న నీళ్లలో అందరికీ భయం తగ్గుతుంది.

సమయం కోసం ఏదైనా టైడ్ యాప్‌లో క్రాబి చూడండి. సమయాలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి కాబట్టి నిన్నటి లెక్క ఈరోజు పనికిరాదు. ఇంకో పొరపాటు ఇంట్లో కూర్చుని ప్లాన్ చేసేవాళ్లది: యాప్ ఇండియా టైమ్ చూపిస్తుండొచ్చు. థాయ్‌లాండ్ మనకన్నా గంటన్నర ముందు. ఆ గంటన్నర తేడాకే ఇసుక దారి మునిగిపోతుంది.

2. ఉదయమా, మధ్యాహ్నమా

గ్రూప్ టూర్ బోట్లు దీవుల దగ్గర గుమిగూడేది దాదాపు పది నుంచి రెండు లోపు. అందుకని ఎనిమిదికల్లా బయలుదేరండి, లేదా ఒంటిగంట దాటాక. ఉదయం గాలి తక్కువ, ఎండ తక్కువ. మధ్యాహ్నం వెళ్తే తిరుగు దారిలో ఫ్రా నాంగ్ దగ్గర సాయంత్రపు వెలుగు దొరుకుతుంది గానీ, వాన మబ్బులు పట్టేది కూడా ఆ పూటే.

ఇసుక దారి చూడాలనుకుంటే ఈ ఎంపిక మీ చేతిలో లేదు, నీరు ఏ పూట తగ్గితే ఆ పూటే.

3. బోటు మాట్లాడుకోవడం

ఆవ్ నాంగ్ బీచ్ రోడ్డులో లాంగ్‌టెయిల్ అనే చెక్క పడవల టికెట్ కౌంటర్లు ఉంటాయి. ధరల బోర్డు బయటే పెడతారు. ముందురోజు సాయంత్రం వెళ్లి మాట్లాడుకోండి. పొద్దున్నే హడావిడిలో వెళ్తే అడగాల్సినవి అడగలేరు. డబ్బు కట్టేముందు ఇవి తేల్చుకోండి:

- ఎన్ని గంటలు? లెక్క బీచ్‌లో ఎక్కినప్పటినుంచా, దీవి చేరినప్పటినుంచా?
- ఎంతమంది దాకా ఇదే రేటు? పిల్లల్ని లెక్కేస్తారా?
- మాస్కులు, లైఫ్ జాకెట్లు ఇందులోనే ఉన్నాయా? పిల్లల సైజు ఉందా?
- గంట ఆలస్యమైతే ఎంత అదనం?
- వాతావరణం బాగోక వెళ్లలేకపోతే డబ్బు వెనక్కిస్తారా, మర్నాటికి మారుస్తారా?
- ఏ దీవికి ముందు వెళ్లాలో మేమే చెప్పొచ్చా?

చివరి ప్రశ్నకు 'కుదరదు' అంటే అది పేరుకే ప్రైవేట్. ఇంకో కౌంటర్ చూసుకోండి. చెప్పిన గంటలు, చోట్లు రసీదు మీద రాయించుకోండి. బోటు నడిపేవాడు, కౌంటర్‌లో మాట్లాడినవాడు వేరువేరు మనుషులు, మీరు అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇతనికి తెలియదు.

స్పీడ్‌బోటు తీసుకోవాలా అని కూడా అడుగుతారు. పోడా ఎంతో దూరం లేదు, లాంగ్‌టెయిల్‌లో అరగంటలోపే చేరతారు. నాకు లాంగ్‌టెయిలే ఇష్టం. పొడవాటి చెక్క పడవ, వెనక తెరిచిపెట్టిన మోటారు ఇంజను, దానికి తోకలా పొడవాటి రాడ్డు, చివర ఫ్యాను. చప్పుడు మాత్రం చెవులు పగిలేలా ఉంటుంది, అందుకే ముందు వైపు కూర్చోండి. నడుం నొప్పి ఉన్నవాళ్లకి, గర్భిణులకి ఆ కుదుపులు మంచివి కావు, ఏ బోటయినా సరే. వాళ్లు నేరుగా పోడా దాకా వెళ్లొస్తారా, అసలు మానేస్తారా అన్నది డాక్టర్ని అడిగి తేల్చుకోవాలి.

4. ముందురోజు రాత్రి: మాస్క్ పరీక్ష

హోటల్లో కొలను ఉంటే సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి. సొంత మాస్క్ ఉంటే ఇలా చేయండి.

పట్టీ తలకు తగిలించకుండా మాస్క్‌ని ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి లోపలికి పీల్చి, చేతులు వదిలేయండి. కిందపడకుండా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. జారిపోతే ఎక్కడో సందు ఉంది. మగవాళ్లకి ఆ సందు దాదాపు ఎప్పుడూ మీసం దగ్గరే. నిండు మీసమైతే పై పెదవి మీద, మాస్క్ ఆనేచోట కొంచెం వాసెలిన్ రాయండి. ఆడవాళ్లకి నుదుటి దగ్గర వెంట్రుకలు, పొడుగు బొట్టుబిళ్ల అడ్డం వస్తాయి. జుట్టుకి నూనె పెట్టుకుని దిగకండి, పట్టీ జారుతుంది.

నీళ్లు లోపలికొస్తున్నాయని పట్టీ బిగించేస్తుంటారు. అది తప్పు. బిగించేకొద్దీ అంచు వంగిపోయి ఇంకా ఎక్కువ కారుతుంది, పైగా తలనొప్పి. పట్టీ చెవుల పైన, తల వెనక వెడల్పు భాగం మీద ఉండాలి.

అద్దం మసకబారకుండా లోపల ఒక్క చుక్క బేబీ షాంపూ రుద్ది, తేలిగ్గా కడిగేయండి. షాంపూ లేకపోతే ఉమ్మి. అసహ్యించుకోకండి, అందరూ చేసేదే.

5. బోటెక్కేటప్పుడు

నీరు తగ్గి ఉన్న పూట బోటు దూరంగా ఆగుతుంది. నడుం లోతు దాకా నడవాల్సి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారినో మామయ్యగారినో తీసుకెళ్తుంటే నీరు ఎక్కువగా ఉండే సమయానికే బయలుదేరేలా చూసుకోండి.

బోటు ముక్కుకి రంగురంగుల గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి. అది వాళ్ల పడవ తల్లి మే యా నాంగ్‌కి. ఫొటో కోసం దాని మీద కాలు పెట్టకండి, ఎక్కి కూర్చోకండి.

లైఫ్ జాకెట్ ఎక్కగానే వేసుకుని పరీక్షించండి. బకిల్స్ అన్నీ పెట్టాక ఇంకొకరు మీ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ గడ్డం దాటి పైకొస్తే అది మీది కాదు. పిల్లల సైజు బోటులో లేకపోతే బోటు కదలకముందే అడిగి తెప్పించుకోండి. 'అక్కడ ఇస్తాం' అంటే ఒప్పుకోవద్దు. వేలికి వదులుగా ఉన్న ఉంగరాలు హోటల్లోనే వదిలేయండి, చన్నీళ్లలో వేళ్లు సన్నబడతాయి.

వాంతుల మాత్ర ఎక్కేముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక వేసుకుంటే పనిచేసేలోపు బయటికొచ్చేస్తుంది. పొద్దున టిఫిన్‌కి ఇడ్లీయో బ్రెడ్డో చాలు. పూరీలు తిని బోటెక్కకండి.

6. మొదటి ఆగడం: నడుం లోతులో సాధన

నేరుగా లోతు నీళ్లలో దూకకండి. ముందు పోడా బీచ్‌కి వెళ్లమనండి. ఇసుక మెత్తగా ఉంటుంది, నీరు నెమ్మదిగా లోతవుతుంది. రుసుము కట్టాక ఇచ్చే టికెట్ దాచుకోండి, అడిగితే చూపించాలి.

నడుం లోతులో నిలబడి ఒక్కోటి చేయండి:

- మాస్క్ పెట్టుకుని, గొట్టం నోట్లో పెట్టి, నీటి పైనే ఒక నిమిషం నోటితో ఊపిరి తీసుకోండి. ముక్కుతో పీల్చే అలవాటు అంత తొందరగా పోదు.
- ముఖం మాత్రమే నీళ్లలో పెట్టి పది ఊపిర్లు, నిదానంగా. వదిలేటప్పుడు పూర్తిగా వదలండి.
- గొట్టంలోకి నీళ్లొస్తే గట్టిగా ఒక్కసారి 'ఫూ' అని ఊదండి. తర్వాతి ఊపిరి మెల్లగా తీసుకోండి, ఒకటి రెండు చుక్కలు మిగిలి ఉండొచ్చు.
- మాస్క్‌లోకి నీళ్లొస్తే తల పైకెత్తి, పై అంచును నుదుటికి నొక్కి, ముక్కుతో ఊదండి. కింది అంచులోంచి నీళ్లు పోతాయి.
- జాకెట్‌తో బోర్లా తేలుతూ మళ్లీ నిలబడటం. భయపడేవాళ్లంతా ఇక్కడే భయపడతారు, జాకెట్ నిలబడనివ్వదు మరి. మోకాళ్లు పొట్ట దగ్గరికి లాక్కుని, రెండు చేతులతో నీటిని కిందికి నొక్కండి, కాళ్లు వాటంతటవే కిందికి వస్తాయి. అయిదారుసార్లు చేయండి.

ఈ అయిదూ టెన్షన్ లేకుండా వస్తే మీరు సిద్ధం. ఎవరికైనా రాకపోతే బలవంతం చేయకండి. వాళ్లని పోడా ఒడ్డునే హాయిగా ఆడుకోనివ్వండి, ఆ బీచ్ దానికే బాగుంటుంది.

7. స్నార్కెలింగ్

చికెన్ ఐలాండ్ పక్కన పగడపు దిబ్బలున్న చోట బోటు ఆపుతారు. దీవి కొసన రాయి కోడి మెడలా ఉంటుంది, అందుకే ఆ పేరు. నీరు మరీ తగ్గిన సమయంలో పగడాలు పొట్టకు తగిలేంత దగ్గరగా ఉంటాయి, అప్పుడు దిగకండి. నీరు పెరుగుతున్నప్పుడు దిగడం మేలు.

ఇంజను పూర్తిగా ఆగాకే నీళ్లలోకి. నిచ్చెన దిగి వెళ్లండి, దూకకండి. బోటు తోక వైపుకి ఎప్పుడూ వెళ్లొద్దు.

దిగగానే రెండు నిమిషాలు ఊరికే తేలి, బోటుని గుర్తుగా పెట్టుకుని చూడండి. దూరం జరిగిపోతున్నారా? ఏ వైపు కొట్టుకుపోతున్నారో దానికి ఎదురుగా ముందు ఈదండి, అలసిపోయాక నీరే బోటు దగ్గరికి తెస్తుంది. దీన్ని తలకిందులుగా చేసేవాళ్లే ఎక్కువ. ఎదురీదినా బోటుకీ మీకూ దూరం తగ్గకపోతే లాగుడు ఎక్కువగా ఉన్నట్టు, బోటుకి చెయ్యి ఊపి ఎక్కేయండి.

ఈత రానివాళ్లు బోటతన్ని తాడు కట్టిన రబ్బరు చక్రం వేయమని అడగండి. దాన్ని పట్టుకుని ముఖం నీళ్లలో పెడితే చాలు, చేపలు అక్కడికీ వస్తాయి. ఒంటరిగా ఎవరూ వద్దు, ఇద్దరిద్దరు జంటగా. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దిగొద్దు.

పసుపు మీద నల్ల చారలున్న సార్జెంట్ చేపలు గుంపులుగా వస్తాయి. వాటికి బ్రెడ్ వేయడం పార్కు నిబంధనలకు విరుద్ధం, బోటువాళ్లు ఇచ్చినా వేయకండి. పగడాల మీద నిలబడకండి. అవి ప్రాణమున్నవి, పైగా వాటి సందుల్లో పొడవాటి నల్ల ముళ్లుండే అర్చిన్లనే సముద్రపు జీవులు ఉంటాయి. ఒక్క అడుగు చాలు ట్రిప్ ముగియడానికి.

మరీ ఆశలు పెట్టుకోకండి. తీరానికి దగ్గరున్న నీళ్లు కాబట్టి వీడియోల్లో చూసే గాజులాంటి నీరు అన్ని రోజులూ ఉండదు. ముప్పై నలభై నిమిషాలు చాలు. పిల్లల పెదాలు నీలంగా మారినా, వణుకు మొదలైనా వెంటనే పైకి.

8. తిండి, ఇసుక దారి, ఫ్రా నాంగ్

ఈత అయ్యాకే తిండి. ఆవ్ నాంగ్‌లో ఇండియన్ హోటళ్లు చాలా ఉన్నాయి, స్టీల్ డబ్బాలో కట్టించుకోండి. శాకాహారులు థాయ్ తిండి కొంటే 'జే' అని చెప్పండి. ఊరికే 'నో చికెన్, నో ఫిష్' అంటే చేప సాస్ వేసేస్తారు. బీరు తాగాలనుకునేవాళ్లు ఈతంతా అయ్యాక, ఆవ్ నాంగ్ ఒడ్డు చేరాక తాగండి.

ఇసుక దారి మీద ఉన్నప్పుడు నీరు తిరిగి పెరగడం మొదలైతే ఫొటోలు ఆపి బోటు వైపు నడవండి. సామాన్లు ఇసుక మీద వదలొద్దు.

టైమ్ మిగిలితే ఫ్రా నాంగ్. అక్కడి గుహలో అమ్మవారికి చెక్క లింగాలు మొక్కుగా పెడతారు. జాలర్లకు అది గుడి, ముందు నిలబడి వెకిలి ఫొటోలు దిగేవాళ్లని చూస్తే నాకు చిరాకేస్తుంది.

తిరిగెక్కేముందు మనుషుల్ని, మాస్కుల్ని, చెప్పుల్ని లెక్కపెట్టుకోండి. చెత్త మీతోనే వెనక్కి.

ఏదైనా తేడా జరిగితే

జెల్లీఫిష్ తగిలితే రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. వెనిగర్ కనీసం అర నిమిషం ధారగా పోయండి. థాయ్ బీచ్‌లలో కొన్నిచోట్ల స్తంభాలకు వెనిగర్ సీసాలు పెట్టి ఉంటాయి గానీ, బోటులో మీ సీసా ఉంటేనే ధైర్యం. నొప్పి భరించలేనంతగా ఉన్నా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. అర్చిన్ ముల్లు గుచ్చుకుంటే పిసకకుండా, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పెట్టి డాక్టర్‌కి చూపించండి.

బీచ్‌లో ఎర్రజెండా ఉంటే ఆరోజు ఈత లేదు. బోటతను 'ఫర్వాలేదు, వెళ్దాం' అన్నా సరే. ఆ పూట బోటు మర్నాటికి మార్పించుకోండి.

అంబులెన్స్‌కి 1669, టూరిస్ట్ పోలీసులకి 1155. రెండు నంబర్లూ ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి, హోటల్ పేరు థాయ్‌లో ఉన్న కార్డుతో కలిపి డ్రై బ్యాగ్‌లో పెట్టుకోండి.